దండ వేయించుకున్న దూదికోటు

ఈమధ్య మా ఇంటికి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. అటవీశాఖలో కొత్తగా చేరినవాడు. హిమాలయాల్లో మంచుచిరుతల ఆచూకీ తీసే బృందంలో చోటు దొరికిందట. నేను ఒకప్పుడు అటువైపు కొండల్లో పనిచేశానని ఎవరో చెబితే, నాలుగు మాటలు అడిగి తెలుసుకుందామని వచ్చాడు. మాటల మధ్యలో సంచీ విప్పి తన సామాను చూపించాడు. పక్షి ఈకలు కూరిన కోటు, చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. దాని పైన వేసుకోవడానికి నీళ్లు జారిపోయే ఇంకో కోటు. లోపల బొచ్చున్న బూట్లు. చేతులకు రెండు జతల తొడుగులు. అన్నీ ప్రభుత్వమే ఇచ్చిందట. అవి చాలవన్నట్టు ఏదో సంఘం వాళ్లు చందాలు వేసుకుని దుర్భిణి కూడా కొనిచ్చారట.

చూడగానే నాకు కడుపు మండింది. తర్వాత క్షేమంగా వెళ్లి రమ్మని దీవించాను. జరిగింది ఆ వరసలో కనుక ఆ వరసలోనే రాస్తున్నాను.

చలికొండల్లో ఏం తొడుక్కోవాలో చెప్పమని అడిగాడు. నాకు ఆ విషయంలో తెలిసిందల్లా ఒక దూదికోటు, ఒక గొంగళి. అసూయ గురించి మాత్రం చాలా తెలుసు. అతనికి ఆరోజు సగమే చెప్పాను. మిగతా సగం అతనిలాంటి కుర్రవాళ్లందరికీ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

అవి తెల్లవాళ్ల పాలనలో యుద్ధం నడుస్తున్న రోజులు. నేను మాచర్ల రేంజిలో ఫారెస్టు గార్డును. మాది గురజాల దగ్గర పల్లె, గొర్రెల కాపర్ల ఇల్లు. ఖాకీ చొక్కా తొడిగిన రోజు నుంచీ గొర్రెల వాసన నా దగ్గరికి రాకుండా చూసుకునేవాణ్ణి. నాతోపాటు ఇంకో గార్డు ఉండేవాడు, వయసులో నాకంటే కొంచెం చిన్న. మాచర్లలో దూది ఏకే ఇంటి బిడ్డ. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లే విల్లు పట్టి, ఊరందరి పరుపులూ దిండ్లూ ఏకి, వాణ్ణి పెంచింది. పేర్లు రాయదలుచుకోలేదు గనక వాణ్ణి మాచర్లవాడు అంటాను.

మాచర్లవాడి ముఖం చూస్తే జనానికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించేది. కాఫీ హోటలాయన వాడికి గ్లాసు నిండా కాఫీ పోసేవాడు, నాకు సగం నురగ పోసేవాడు. బండివాళ్లు వాణ్ణి పిలిచి ఎక్కించుకునేవాళ్లు, నేను చెయ్యెత్తినా ఆపేవాళ్లు కాదు. అడుగుజాడ పట్టడంలో మాత్రం నేనే మెరుగు. ఇది నా గొప్ప కాదు, వాడే పదిమందిలో చెప్పేవాడు. వాడు అలా చెప్పినప్పుడల్లా జనం వాడి మంచితనాన్ని మెచ్చుకునేవాళ్లు. నా పనితనం సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

మద్రాసులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే ప్రొఫెసరు ఒకాయన నాలుగు కొమ్ముల కొండగొర్రెల్ని చూడటానికి మా నల్లమల అంచుకు వచ్చాడు. మేమిద్దరం ఆయన్ని అడవిలో తిప్పాం. మా పని ఆయనకు నచ్చింది. ఉత్తరాన గఢ్వాల్ పైన మంచుకొండల్లో కస్తూరిజింకలూ నీలిగొర్రెలూ ఉంటాయని, కస్తూరి కోసం వేటాడి ఆ జింకల్ని ఊడ్చేస్తున్నారని, ఎన్ని మిగిలాయో వెళ్లి చూసి చెప్పేవాళ్లు లేరని ఆయన బాధ. వేసవి మొదట్లో తనతో అక్కడికి రమ్మని మమ్మల్ని అడిగాడు. డిపార్టుమెంటు కూడా సరేనంది.

మనుషుల్ని ఇచ్చింది గానీ వాళ్లకు గుడ్డ ఇవ్వలేదు. ఉన్ని అంతా పటాలానికే పోతున్న కాలం. ప్రొఫెసరు ఎవరెవరికో రాసి విసిగిపోయి, చివరికి మాచర్లకే వచ్చి, పత్తి షావుకారు గోడౌను ముందు ఊరివాళ్లను కూర్చోబెట్టి సాయం అడిగాడు. ఆయన ఎంతసేపు చెప్పినా కస్తూరిజింక గొడవ ఎవరికీ ఎక్కలేదు.

షావుకారు లేచి, "జింకల్ని చూసొచ్చేదానికి ఊరు చందాలెయ్యాలా పంతులుగారూ? ఇక్కడ మనుషులకే ఒంటి మీద గుడ్డ లేకపాయె" అన్నాడు.

మాచర్లవాడు లేచాడు.

"షావుకారు మామా, చలికి వణికేది జింక కాదు, నేను. దానికి దేవుడు బొచ్చిచ్చాడు. నాకు మీరే ఇయ్యాల."

జనం ఒకటే నవ్వు. ఆ నవ్వుతోనే పని అయిపోయింది. షావుకారు మేలురకం పత్తి ఇచ్చాడు. సాలెవాళ్లు మందపు నూలుబట్ట ఇచ్చారు. వాడి తల్లి ఆ పత్తిని నురగలాగా ఏకింది. ఆ వీధి ఆడవాళ్లంతా చేరి, రెండు పొరల బట్ట మధ్య దూది కూరి, గళ్లు గళ్లుగా కుట్లు వేసి, మోకాళ్లదాకా వచ్చే కోటు తయారుచేశారు. చెప్పులు కుట్టేవాడు లారీ టైరు అడుగులు వేసి బూట్లు కుట్టాడు. మిషన్ ఆస్పత్రి నర్సమ్మ ఎక్కణ్ణుంచో ఊలు సంపాదించి మేజోళ్లు అల్లింది. ప్రొఫెసరు కోటును పట్టి చూసి, చలిదేశాల్లో దూదికోట్లు వేసుకునేవాళ్లు ఉన్నారని, ఇది భేషుగ్గా పనిచేస్తుందని అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. పత్తి పండే సీమ మనది, వెచ్చదనమంటే దూదే అని మేమందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. అందుకే అంత ఏడ్చాను.

వెళ్లేది ఇద్దరం కదా, నా కొలత తీసుకున్నవాడు ఒక్కడూ లేడు. చెప్పులు కుట్టేవాడి దగ్గరికి నేనే వెళ్లి నిలబడితే, "నీకు గవర్నమెంటు బూట్లు ఉండాయిగా అన్నా" అన్నాడు. ఉన్నాయి. అడుగున ఇనపమేకులు దిగ్గొట్టిన బూట్లు, నా కాలికి పెద్దవి. స్టోర్సులో వెతికి ఎవరో వదిలేసిన పలచటి ఉన్నిబట్ట సర్జి కోటు కూడా ఇచ్చారు, మోచేతి దగ్గర చిల్లుతో సహా.

ఇంటికి వెళ్లి ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. మా ఆవిడ కాసేపు చూసి, అటక మీదినుంచి మా నాయన గొంగళి దించింది. నల్లగొర్రె ఉన్నితో నేసింది. మా నాయన దాన్ని వానలో కప్పుకుని, ఎండలో పరుచుకుని, దానిమీదే పోయాడు.

"ఏడ్చింది చాలుగానీ, ఇది పట్టకపో" అంది.

"గొర్రె కంపు కొడతంది. నలుగురిలో నవ్వులపాలవుతాను" అన్నాను.

"నలుగురూ నీకేమన్నా పెట్టారా, వాళ్ల నవ్వుకి భయపడతన్నావు?" అని, నా మాట వినకుండా పక్కబట్టల్లో చుట్టేసింది.

మాచర్ల స్టేషన్లో మమ్మల్ని సాగనంపడానికి ఊరంతా వచ్చింది. మమ్మల్ని అని మర్యాదకు రాశాను. మండుటెండలో తల్లి వాడికి ఆ కోటు తొడిగి గుండీలన్నీ పెట్టింది. వాడు చెమటలు కారుతూ నవ్వుతూ అందరికీ దణ్ణాలు పెట్టాడు. ఒక ముసలాయన నా చేతిలో వాడి సంచీ పెట్టి, "బిడ్డ జాగ్రత్తయ్యా" అని చెప్పి పోయాడు. నన్ను కూలివాడు అనుకున్నట్టున్నాడు.

కొండల్లో మా పని చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే గట్టెక్కి, గాలికి ఎదురుగా, కదలకుండా కూర్చోవాలి. కనిపించినవాటిని లెక్కపెట్టి సాయంత్రం ప్రొఫెసరుకు చెప్పాలి. కదలకుండా కూర్చున్నవాడికి చలి రెండింతలు తెలుస్తుంది. నా సర్జి కోటులోంచి గాలి ఒక పక్కన దూరి ఇంకో పక్కన పోయేది. బూటు మేకులు చలిని నేరుగా పాదాల్లోకి ఎక్కించేవి. పక్కనే మాచర్లవాడు తన కోటులో హాయిగా కూర్చుని కూనిరాగాలు తీసేవాడు. అక్కడి సామాన్లు మోసే కొండవాళ్లు ఆ కోటును పట్టి పట్టి చూసి, ఎవరు కుట్టారని అడిగేవాళ్లు. మా అమ్మ అని వాడు గుండె మీద చెయ్యి వేసుకుని చూపించేవాడు. దగ్గర్లోని కొండ ఊరి ఆడవాళ్లు వాడి భాష ఒక్క ముక్క తెలియకుండానే వాడికి వేడిపాలు తెచ్చి ఇచ్చేవాళ్లు.

కస్తూరిజింక సంగతి కూడా చెప్పాలి. దాని జాడ నేనే పట్టాను. అది తిరిగే చోటు నేనే కనిపెట్టాను. రోజుల తరబడి అక్కడ రాయిలా కూర్చున్నాను. అది రాలేదు. ఒకరోజు మాచర్లవాడు చెట్టుచాటుకు ఒంటికి పోవడానికి వెళ్తే, వాడి ముందుకు వచ్చి నిలబడి, తీరిగ్గా చూసి, పోయిందట. వాడు బొందు కట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి, "అన్నా, నీ జింక నాకు కనపడింది" అన్నాడు. నీ జింక అన్నాడు చూడండి, దానికి ఇంకా ఒళ్లు మండింది.

నేను కూర్చోవడానికి కింద గొంగళి పరుచుకునేవాణ్ణి. ఎవరూ లేనప్పుడు కప్పుకునేవాణ్ణి. "అన్నా, ఈ కంపుకి జింకలు పారిపోతన్నాయి" అని వాడు ఏడిపించేవాడు.

ఆరోజు ప్రొఫెసరు జ్వరంతో టెంటులో ఉన్నాడు. ఎత్తయిన గట్టు అవతల నీలిగొర్రెల మంద దిగిందని కొండవాళ్లు చెబితే మేమిద్దరమే బయల్దేరాం. ఎక్కుడు నిటారుగా ఉంది. సగం ఎక్కేసరికి మాచర్లవాడు ఆ కోటులో చెమటతో తడిసిపోయాడు. విప్పి చేత్తో పట్టుకోరా అన్నాను. గుండీలు తీస్తే అమ్మ ఊరుకోదని నవ్వాడు. మంద కనిపించింది. లెక్క సగంలో ఉండగానే అవతలి లోయలోంచి మబ్బు లేచింది. ముందు వాన, తర్వాత వానలో కలిసిన మంచు, ఆ తర్వాత గాలి. నేను గొంగళి నెత్తిన వేసుకున్నాను.

లోపలినుంచి చెమట, పైనుంచి వాన. ఆ కోటు రెండువైపులా తాగింది. కుట్టు వేసిన ప్రతిచోటా నీరు దిగింది. దిగుతూ ఉంటే వాడు వెనకబడుతున్నాడు. తిరిగి చూశాను. కోటు అంచులనుంచి నీళ్లు కారుతున్నాయి, వాడు దాన్ని మోయలేక వంగిపోయి నడుస్తున్నాడు. గాలి పెరిగేకొద్దీ అంచులు బిగుసుకుపోవడం మొదలైంది. చెయ్యి మడవబోతే కోటు మడవనివ్వలేదు.

వాడు హాస్యాలు మానేశాడు. నాకు భయం వేసింది అప్పుడే. వాడితో ఎన్నో కొండలు ఎక్కాను, వాడి నోరు మూతపడటం ఎప్పుడూ చూడలేదు.

"అన్నా, కాసేపు కూకుంటా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"కూకుంటే లేవవు. నడువు."

"మా ఇంటికాడ చానా ఎచ్చగా ఉంటది" అని కింద కూలబడ్డాడు.

ఇక ఆలోచించలేదు. బండ పక్కకు ఈడ్చుకుపోయాను. గుండీలు ఊడకపోతే కత్తితో తెంపాను. ఆ కోటు ఒలిచి పక్కన పడేస్తే అది పడుకోలేదు, మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. వాడి ఒంటికి నా సర్జి కోటు తొడిగి, మా నాయన గొంగళిని వానలో కాపర్లు వేసుకునేట్టు తలమీద కొప్పెరలా ముసుగు మడిచి, ఇద్దరినీ కలిపి కప్పాను. గొంగళి పైన తడిసింది. నీళ్లు బొచ్చు మీదుగా జారి కింద పడుతున్నాయి. లోపల మాత్రం మెల్లగా వెచ్చబడింది. వాడి చేతులు నా చంకల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను. వాడు వణకడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ వణుకు కూడా లేదు. తర్వాత ముక్కు ఎగబీల్చి, "అన్నా, కంపు" అన్నాడు. బతికాడు అనుకున్నాను.

సాయంత్రం మబ్బు విడిచాక కొండవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ప్రొఫెసరు అడిగితే, వాగులో కాలు జారి మునిగానని మాచర్లవాడు చెప్పాడు. వాగులో మునిగితే ఏ కోటైనా అంతే కదా అన్నాడాయన. వాడి కోటు, వాడి తల్లి, నాకెందుకని నేను ఊరుకున్నాను.

తిరుగు రైల్లో వాడు నాతో, "మా అమ్మకి చెప్పొద్దన్నా. ఆమె చేతి పని మీద ఎవురూ ఏనాడూ ఏలెత్తి చూపలా. ఎట్టాగూ నేను మళ్లీ దాన్ని తొడిగేది లేదు గదా" అన్నాడు. నేను ఊఁ అనలేదు, కాదనలేదు.

మాచర్లలో వాడికి చేసిన మర్యాద రాయడం మొదలుపెడితే ఈ వయసులో నాకు రక్తపోటు పెరుగుతుంది. వాగులో మునిగిన బిడ్డను ప్రాణాలతో తెచ్చింది ఆ కోటేనని ఊరు తీర్మానించింది. తల్లి దాన్ని ఆరబెట్టి, తెగిన గుండీలు కుట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించేది. మా ఇంట్లో గొంగళి మళ్లీ అటకెక్కింది.

అక్కడితో అయిపోతే నేనూ ఏడ్చుకుంటూ ఊరుకునేవాణ్ణి. చలికాలంలో ప్రొఫెసరు మళ్లీ వచ్చాడు. మేము తెచ్చిన లెక్కలు చూసి పెద్దవాళ్లు కదిలారట. ఈసారి మూడు కొండలకు మూడు జట్లు వెళ్లాలి, మన అడవుల్లో పనిచేసేవాళ్లే ఎనిమిది మంది కావాలి. ఆ ఎనిమిది మందిలో నేను లేను, నన్నెవరూ అడగలేదు. మాచర్లవాడు లేడు, వాడికి ఆ చలి తర్వాత కాలివేళ్లు సరిగా పనిచేయలేదు. మా బామ్మర్ది ఉన్నాడు. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు, రేంజిలో వాచరు.

ఊరికి ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎనిమిది దూదికోట్లు మేమే కుట్టిస్తామని షావుకారు ముందే ప్రకటించాడు. గోడౌను ముందు మళ్లీ సభ పెట్టారు. పక్కన ఎడ్లు నీళ్లు తాగే తొట్టి, ఇటువైపు బల్ల, బల్ల వెనక ఒక గుంజ. ఆ గుంజకు మాచర్లవాడి కోటు తగిలించి, దానికి బంతిపూల దండ వేశారు. నేను పొద్దుటిచలికి మా నాయన గొంగళి భుజాన వేసుకుని వెళ్లాను. కోటుకు దండ! నాకు జీవితంలో ఎవరూ ఒక పువ్వు ఇవ్వలేదు. కోటుకు దండ వేశారు.

మాచర్లవాడు తల్లి పక్కన తలొంచుకుని కూర్చున్నాడు. వాడు లేస్తాడేమోనని చూశాను. లేవలేదు. మా బామ్మర్ది ముందువరసలో కొలత ఇవ్వడానికి కూర్చుని ఉన్నాడు. వాడు ఆ కోటు వేసుకుని కొండ మీద కూలబడితే పక్కన గొంగళి ఉన్నవాడు ఉంటాడని ఎవరు చెప్పగలరు?

లేచి నిలబడ్డాను. "ఆ కోటు పనికిరాదు. తడిస్తే చంపుతుంది. వీడు వాగులో పడలేదు, వానకే బిగుసుకుపోయాడు. నేను చూశాను" అన్నాను.

షావుకారు, "ఏందయ్యా అంత కడుపుమంట? నీకు కుట్టలేదనేనా?" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "స్టేషన్లోనే చూశాంలే, ఆ ముఖం" అన్నారు. జనం నవ్వారు. మా బామ్మర్ది సిగ్గుతో, "కూకో బావా, పరువు తియ్యొద్దు" అని నా చెయ్యి పట్టి లాగాడు.

వాళ్లన్నది తప్పయితే నాకు అంత కోపం వచ్చేది కాదు. నాకు కుట్టలేదని మండుతున్న మాట నిజం. కోటు చంపుతుందన్న మాటా నిజం. మొదటిది అందరికీ నా ముఖం మీద కనిపిస్తోంది గనక రెండోదాన్ని ఎవరూ నమ్మలేదు. అంతమందిలో నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, మాచర్లవాడి వైపు చూశాను.

వాడు లేచాడు. గుంజ దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, దండ తీసి బల్ల మీద పెట్టి, కోటు తీసుకుపోయి ఎడ్ల తొట్టిలో ముంచాడు.

"ఒరేయ్, అదేం పనిరా!" అని తల్లి అరిచింది.

వాడు దాన్ని అదిమిపట్టి, బాగా తాగనిచ్చి, రెండు చేతులతో పైకెత్తి, తల్లి దగ్గరికి తెచ్చాడు. దారిపొడుగునా నీళ్లు.

"పట్టుకో అమ్మా."

ఆమె పట్టుకుంది. ఆ బరువుకు ముందుకు తూలింది.

"ఇది మోసుకుంటా కొండ దిగానమ్మా. గాలికి బండలాగా గడ్డగట్టింది. అన్న కత్తి పెట్టి కోసి తీశాడు. వాగులో పడలా నేను. అన్న చెప్పిందే నిజం."

తర్వాత నా దగ్గరికి వచ్చి, భుజం మీది గొంగళి అడక్కుండానే లాక్కున్నాడు. దాన్నీ తొట్టిలో ముంచాడు, పిండాడు, రెండుసార్లు విదిలించాడు. షావుకారు ముఖాన నీళ్లు పడ్డాయి. దాన్ని తెచ్చి తల్లి భుజాల చుట్టూ కప్పాడు. ఆమె తడి కోటును కింద పెట్టి, గొంగళి లోపల చెయ్యి పెట్టుకుని, వెచ్చగా ఉందో లేదో తడిమి చూసుకుంది. సభ అంతా ఆమె ముఖం చూస్తూ కూర్చుంది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేందిరా?" అంది చివరికి.

"నువ్వు ఊరందరికీ చూపించుకుంటా మురిసిపోతంటే ఎట్టా చెప్పేది?"

"నా చెయ్యి తప్పు చేస్తే నా చేతికి చెప్పాల. ఇంకో తల్లి బిడ్డ సచ్చినాక చెప్పేవాడివా?" అని వాడి వీపు మీద ఒకటి వేసింది. వేసి, ఏడ్చింది.

ఆ తర్వాత ఏమైందనుకుంటున్నారు? జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి? వాడికే. కన్నతల్లి చేతిపనిని నలుగురి మేలు కోసం వదులుకున్నాడని షావుకారు కళ్లు తుడుచుకుని, బల్ల మీద ఉన్న ఆ దండ తీసి వాడి మెడలో వేశాడు. అదే మాట అంతకు కాసేపటి ముందు నేను చెబితే కడుపుమంట అన్నారు. వాడు చెబితే త్యాగమైంది. నేను తడిసిన గొంగళి ఎప్పుడు తిరిగి ఇస్తారా అని ఒక పక్కన నిలబడి ఉన్నాను.

పని మాత్రం అయింది. మా పల్లె కాపర్లు పటాలం కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన ఉన్నిలో కొంత ఆపి ఇచ్చారు. దూది ఏకే ఆ విల్లుతోనే మాచర్లవాడి తల్లి ఉన్ని ఏకింది. మా ఆడవాళ్లు వడికారు, మావాళ్లే నేశారు. ఎనిమిది గొంగళ్లు, ఎనిమిది ఉన్ని చొక్కాలు. ఎనిమిది మందీ కాళ్లూ చేతులూ సవ్యంగా తిరిగొచ్చారు. మా బామ్మర్ది రైలు దిగుతూనే నన్ను కావలించుకుని, "బావా, మాచర్లన్న గొంగళి లేకపోతే సచ్చేవాణ్ణి" అన్నాడు. ఊళ్లో అందరూ వాటిని అలాగే పిలిచారు, మాచర్లవాడి గొంగళ్లని. గొర్రెలు మావి, మగ్గం మాది, గొంగళి మా నాయనది. మా ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఒక ఆదివారం మాచర్లవాడు మా పల్లెకు వచ్చాడు. చంకలో ఒక మూట. విప్పితే దిండు. కొత్త గలీబు, అంచుల్లో గళ్లు గళ్లుగా కుట్టు.

"అమ్మ పంపింది. ఆ కోటు కుట్లు ఇప్పి, దూది మళ్లీ ఏకి, నీకని కుట్టింది. మన ఊరి ఎండకి ఇదే సరైందని చెప్పమంది" అన్నాడు.

దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నొక్కితే దిగి, వదిలితే లేచింది. వాడు మాత్రం మంచినీళ్లు కూడా తాగకుండా దాన్నే చూస్తున్నాడు. వాడి ముఖం ఎప్పుడూ ఉన్నట్టు లేదు.

"ఏందిరా?" అన్నాను.

"ఏం లేదన్నా." దిండు అంచు కుట్టు తడిమి, "ఊరందరికీ కుడతది గానీ, మా ఇంట్లో దిండు లేదు. చిన్నప్పటినించీ నా తలకింద నా చెయ్యే. ఆ కోటు ఒక్కటే నాకని కుట్టింది. అదీ ఇప్పి నీకిచ్చింది" అన్నాడు. "నిన్ను చూస్తంటే కుళ్లుగా ఉందన్నా."

మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. నేను దిండును ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

"ఏదీ, ఇంకోసారి అను" అన్నాను.